చాడీ కాదు, సాక్ష్యం

పోయిన వారం టైలరమ్మను చర్చి వెనక గదిలో, రంగు కాగితాల కిరీటాల మధ్య వదిలేసి వచ్చాం. ఆవిడ చేతిలో తాళంచెవి ఉంది. తలుపెవరో తోశారు. అక్కడ ఆపేశాం. ఆ తలుపును తట్టకుండా తోసుకొచ్చే మనిషి ఆ సంఘం మొత్తానికి ఒక్కతే కాబట్టి, వచ్చిందెవరో మీరు ఈపాటికి పోల్చుకునే ఉంటారు. నర్సమ్మ. టైలరమ్మకు స్వయానా ఆడపడుచు.

ఈ వారమే కొత్తగా చేరినవాళ్ళ కోసం గొడవ ఏమిటో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. టైలరమ్మ ఏడాదంతా జాకెట్లు కుడుతుంది. ఎండాకాలం రాగానే మిషన్ మీద దుప్పటి కప్పేసి, చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెబుతుంది. పెద్దలు దాన్ని వి.బి.ఎస్. అంటారు, పిల్లలు మాత్రం టీచరమ్మ బడి అంటారు. ఆవిడ కడుపు పండలేదు. ఆ కొద్ది రోజులే ఆవిడ చుట్టూ పిల్లలు, కొంగుకు బంక మరకలు, గొంతు బొంగురు. మిగతా ఏడాదంతా ఆ రోజుల కోసం బొమ్మలు కత్తిరించుకుంటూ గడిపేస్తుంది. మిగిలిపోయిన లైనింగ్ గుడ్డలోంచి యోనాను మింగిన చేపనూ, ఎవరో తీసుకెళ్ళడం మరిచిన జాకెట్ ముక్కలోంచి రాజుగారి అంగీనీ తీసి, ఫ్లానెల్ గుడ్డ పరిచిన బోర్డు మీద అతికించి కథ చెబుతుంటే, అల్లరిపిడుగులు కూడా నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

ఆ చర్చి వేదిక కింద బాప్తిస్మం తొట్టి ఉంది. బాప్తిస్మాలున్నప్పుడు నీళ్ళు నింపి, మనిషిని వెనక్కి వంచి ముంచి లేపుతారు. లేనప్పుడు ఎండబెట్టి, చెక్కమూత వేసి, పైన ఎర్ర తివాచీ పరుస్తారు. గొడవ జరిగిన రోజున పాఠం ఆవరణలో, షామియానా కింద జరగాలి. గాలికి షామియానా ఒక పక్కకు కూలబడింది. టైలరమ్మ పిల్లల్ని లోపలికి తోలింది. అందరికంటే ముందు వేదిక ఎక్కినవాడు నర్సమ్మ మనవడు, అందరూ బుడంకాయ అని పిలిచే గుండ్రటి పిల్లాడు. తివాచీ మీద కాలు పెట్టాడు. కింద మూత లేదు. తివాచీతో సహా తొట్టిలో పడ్డాడు, ముంజేయి విరిగింది. తీసిన మూత తెర వెనక గోడకు చేరేసి కనబడింది.

చర్చికి తాళంచెవులు రెండే. ఒకటి అయ్యగారి దగ్గర, ఒకటి వేసవిలో టైలరమ్మ దగ్గర. పాస్టరయ్యగారిని అనుమానించడం సంఘంలో ఎవరికీ అలవాటు లేదు. అంచేత వేలు తిన్నగా టైలరమ్మ వైపే తిరిగింది. తప్పు నాదే అని ఒప్పుకుంటే క్షమించేస్తామన్నారు. ఒప్పుకోకపోతే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం, పిల్లల పాఠాలకు శాశ్వతంగా దూరం. ముగింపు సభ ఇవాళే. హాల్లో అప్పటికే బెంచీలు జరుపుతున్న చప్పుడు వినబడుతోంది.

నర్సమ్మ ఆసుపత్రి డ్యూటీకి ఎంత గంజి పెట్టిన చీర కడుతుందో, చర్చికీ అంత గంజి పెట్టిందే కడుతుంది. మనిషికంటే ముందు చీర కోపంగా లోపలికొస్తుంది.

"టీచర్ గారు తీరిగ్గా ఉన్నారే!" అంది.

వదినా అనే పిలుపు మనవడితో పాటే తొట్టిలో పడిపోయింది. వాణ్ణయితే పైకి తీశారు గానీ, దాన్ని ఎవరూ తీయలేదు.

"రా అమ్మాయ్, కూర్చో," అంది టైలరమ్మ. తాను కొత్తకోడలిగా వచ్చిన నాడు జడగంటలు వేసుకున్న పిల్లను ఏమని పిలిచిందో, ఇప్పుడు ఇద్దరు మనవలకు నాయనమ్మ అయినదాన్నీ అలాగే పిలుస్తుంది. ఆ పిలుపంటే నర్సమ్మకు ఒళ్ళుమంట.

"కూర్చోడానికి రాలేదు. తాళంచెవి ఇలా ఇవ్వండి."

"ఇచ్చింది అయ్యగారు. ఆయన అడిగితే ఇస్తాను."

"ఆయన అడగలేకే నన్ను పంపారు."

అది నిజమే అయి ఉంటుందని టైలరమ్మకు తోచింది. అయ్యగారు చిన్నవాడు, మెత్తనివాడు. గొడవ మొదలైన దగ్గర్నుంచి ఆయన రోజూ ఇంటికొచ్చి ఆవిడ కోసం ప్రార్థన చేసి వెళ్ళేవాడు. కళ్ళు మూసుకుని వచ్చి కళ్ళు మూసుకుని వెళ్ళినట్టుండేది. ఒక్కసారి కూడా ఆవిడ మొహంలోకి చూడలేదు. చిన్నవాడు కదా, పెద్దదాన్ని తప్పు పట్టాల్సి వచ్చిందని సిగ్గుపడుతున్నాడనుకుని ఆవిడే ఆయన మీద జాలిపడింది.

"చూడు, ఒక్క మాటతో తేలిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు?" నర్సమ్మ గొంతు తగ్గించింది. తగ్గితే ఆ గొంతు ఇంకా పదునెక్కుతుంది. "పొరపాటు నాదే అను. నీ ఆస్తేం కరిగిపోదు."

"నేను తీయలేదు కదా."

"మరి మూతకు కాళ్ళొచ్చాయా?"

"కాళ్ళొచ్చాయో చేతులొచ్చాయో నాకు తెలీదు. నేను తీయలేదు."

"ఆ మొండితనమే! ఆ మొండితనంతోనే మా అన్నయ్యను చర్చి గడప తొక్కకుండా చేశావు. పెళ్ళికి ముందు మా అన్నయ్య కీర్తన అందుకుంటే గోడలు పలికేవి. ఇప్పుడు చూడు, గేటు దగ్గర సైకిలు కాపలా!"

టైలరమ్మ చేతిలోని కిరీటం వంకరపోయింది. ఆ వడ్రంగి చర్చి గడప తొక్కకపోవడానికి కారణం పెళ్ళాం కాదు, వెనకటి పాస్టరుతో వచ్చిన మాటామాటా. ఆ చర్చిలో బెంచీలు ఆయన చేసినవే. ప్రసంగపీఠం ఆయన చేసిందే. చివరికి ఆ తొట్టి మూత కూడా ఆయన చేతిదే. పని ఉంటే లోపలికొస్తాడు, ఆరాధన మొదలైతే గేటు బయట సైకిలు మీద కూర్చుంటాడు. బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోనన్నాడు. ప్రతి ప్రార్థన కూటంలోనూ టైలరమ్మ లేచి అడిగే ప్రార్థన ఒక్కటే: మా ఆయన ఆ గడప దాటాలి. అడిగీ అడిగీ ఆ మాట అరిగిపోయింది, కూటంలో ఆడవాళ్ళు ఆవిడ లేవకముందే ఆమెన్ అనేస్తున్నారు.

"మీ అన్నయ్య సంగతి మీ అన్నయ్యనే అడుగు," అంది.

"ఏం అడగను? మా బుడంకాయ చెయ్యి విరిగి ఏడుస్తుంటే వచ్చి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా గోడకు చేరబడి నిలబడ్డాడు పిచ్చివాడిలా. నీ దగ్గరుండీ ఉండీ ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయాడు. అయినా నీకేం తెలుస్తుంది, కడుపున ఒక్కళ్ళు పుట్టి ఉంటే పిల్లాడికి దెబ్బ తగలడమంటే ఏంటో తెలిసేది."

అనేసిన మాట నర్సమ్మకే కాస్త ఎక్కువనిపించింది, కానీ వెనక్కి తీసుకునే అలవాటు ఆ నోటికి లేదు.

టైలరమ్మ కిరీటాన్ని బల్ల మీద పెట్టింది. "నువ్వు రాత్రి డ్యూటీలు చేసినన్నాళ్ళూ నీ కొడుకు ఎవరి పక్కలో పడుకున్నాడో ఇంటికెళ్ళి వాణ్ణే అడుగు," అంది. "వాడికి జ్వరమొస్తే నిన్ను పిలవలేదు అమ్మాయ్. నన్ను పిలిచాడు."

నర్సమ్మ మొహం మాడిపోయింది. ఇద్దరూ కొట్టుకోలేదన్న మాటే గానీ, అంతకన్నా తక్కువేం జరగలేదు.

అప్పుడే తెల్లగౌను వేసుకుని బుడంకాయ అక్క లోపలికొచ్చింది. దీనికి పుట్టగానే వస ఎక్కువ పోశారని ఇంట్లో అంటారు, పేరు కూడా వసపిట్ట అని స్థిరపడిపోయింది. నిద్రలో తప్ప నోరు మూయని పిల్ల. అలాంటిది తమ్ముడు పడ్డ నాటి నుంచి నోరు మెదపడం లేదు. పిల్ల జడుసుకుందని అందరూ అనుకున్నారు.

"కిరీటం ఊడిపోతోంది టీచరమ్మా."

టైలరమ్మ పిన్నీసు పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చేతికి పని తెలుసు. వసపిట్ట అద్దంలోకి చూసినట్టు ఆ మొహంలోకే చూస్తూ నిలబడింది.

"టీచరమ్మా, చాడీలు చెబితే గోడవైపు తిరిగి కూర్చోవాలి కదా?"

అది టైలరమ్మ బడిలో చట్టం. వాడు గిల్లాడు, ఇది నా గొర్రె మాస్కు లాక్కుంది అంటూ పాఠం సాగనివ్వకపోతే, చాడీ చెప్పినవాళ్ళు పాట అయ్యేదాకా గోడను చూస్తూ కూర్చోవాలి. యాక్షన్ పాట వెనక వినబడుతుంటే చేతులు ఊపకుండా కూర్చోవడం కన్నా పెద్ద శిక్ష ఆ వయసులో ఇంకొకటి లేదు.

"అవును నాన్నా."

"సాక్ష్యం చెబితే?"

"సాక్ష్యం చెబితే అందరూ ఆమెన్ అంటారే!" మధ్యలో నర్సమ్మ అందుకుంది. "నేర్పాను కదా. సాక్ష్యమంటే చూసింది చూసినట్టు, ఏదీ దాచకుండా, దేవుని ఎదుట చెప్పడం. భయపడకు. గొంతెత్తి చెప్పు." తర్వాత వదిన వైపు తిరిగి, పిల్లకు అర్థం కాకుండా ఉంటుందన్నట్టు కళ్ళతోనే అంది, "దీని సాక్ష్యం విని ఏడవని వాళ్ళుండరు. నువ్వే చూస్తావు."

వసపిట్ట తల ఊపింది. అంత శ్రద్ధగా తల ఊపడం ఆ పిల్లకు కొత్త.

హాలు నిండింది. ఆవరణలో ఉన్నవాళ్ళకు కూడా వినబడాలని గేటుకు స్పీకరు కట్టారు. గేటు బయట సైకిలు ఉంది. సైకిలు పక్కన వడ్రంగి ఉన్నాడు. టైలరమ్మ వెనక బెంచీలోంచి కిటికీ గుండా ఆయన వీపు చూసింది. ఈ వారమంతా ఆయన చేసిన సాయం ఒక్కటే. అన్నం తింటూ, కంచం మీంచి తల ఎత్తకుండా, "పోనీ నాదే అని ఒక్క ముక్క అనేసెయ్యరాదూ, పీడా విరగడవుతుంది," అన్నాడు. "ఏవండీ, చెయ్యని తప్పు నెత్తినేసుకోమంటారా?" అంటే కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. గొడవలంటే ఆయనకు భయం, అంతేలే అని సరిపెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆయన అన్నం సగం వదిలేస్తుంటే తన దిగులే ఆయనకూ పట్టుకుందనుకుంది.

పిల్లలు పాటలు పాడారు. కంఠత వాక్యాలు ఒప్పజెప్పారు. ఒకడు మధ్యలో మరిచిపోయి, తల్లి వైపు చూసి, తల్లి పెదవులు కదిలిస్తే అవి చదివి గండం గట్టెక్కాడు. ముందు వరసలో బుడంకాయ చేతికి పిండికట్టుతో కూర్చుని, జాలిపడి వచ్చిన ప్రతి వాళ్ళ దగ్గరా బిస్కెట్లు వసూలు చేస్తున్నాడు. ఆ సభలో సంతోషంగా ఉన్నది వాడొక్కడే.

అయ్యగారు లేచాడు. కాలరు మెడకు బిగిసినట్టు వేలు పెట్టి సడలించుకున్నాడు.

"టీచరమ్మగారూ... మీరేమైనా చెప్పదలుచుకుంటే..."

టైలరమ్మ లేచి నిలబడింది. బెంచీలన్నీ వెనక్కి తిరిగాయి.

"ఈసారి పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పాను అయ్యగారూ. లేనిది ఉన్నట్టు సాక్ష్యం చెప్పకూడదని రంగుకాగితాలు కత్తిరించి మరీ చెప్పాను. ఇప్పుడు వీళ్ళ ముందరే నేను లేనిది ఉన్నట్టు చెబితే, మళ్ళీ వేసవిలో వీళ్ళ మొహం ఎలా చూడను?"

"మళ్ళీ వేసవి ఉంటే కదా," అంది నర్సమ్మ ముందు వరసలోంచి. మెల్లగానే అంది గానీ, మైకు పక్కనే ఉండడంతో గేటు దాకా వినబడింది.

కొందరు దగ్గారు. కొందరు బైబిళ్ళు తెరిచి అందులో ఏదో వెతుక్కున్నారు. ఇన్నేళ్ళుగా ఆవిడ బొమ్మలు చూసి పెరిగిన పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులై ఆ బెంచీల్లో కూర్చున్నారు. ఒక్కళ్ళూ లేవలేదు. నర్సమ్మ చేతి ఇంజక్షన్ వేయించుకోని వాళ్ళు ఆ సంఘంలో లేరు, ఆవిడ నోటికి భయపడని వాళ్ళూ లేరు.

అయ్యగారు నీళ్ళు నమిలాడు. "అలాగైతే... సంఘం నిర్ణయం ప్రకారం... తాళంచెవి..."

టైలరమ్మ బెంచీల మధ్య నుంచి నడిచి వెళ్ళి తాళంచెవిని బల్ల మీద పెట్టింది. దాన్ని చీర కొంగుకే కట్టుకుని తిరగడం అలవాటు, ముడి బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. అందరూ చూస్తుండగా ఆ ముడితో కుస్తీ పట్టాల్సి రావడం ఆవిడకు అన్నిటికంటే పెద్ద అవమానంగా తోచింది. పెట్టేసి వెనక్కి తిరిగేసరికి పిల్లలంతా ఆవిడనే చూస్తున్నారు. ఇక ఈ పిల్లలు తనవాళ్ళు కారు అనుకుంది.

"దుఃఖంతో ముగించకూడదు," అంటూ నర్సమ్మ మైకు అందుకుంది. "మా మనవణ్ణి చావు నోట్లోంచి తప్పించిన దేవుణ్ణి గురించి మా పిల్ల ఇప్పుడు సాక్ష్యం చెబుతుంది."

తొట్టిలో పడ్డవాడు చావు నోట్లోకి ఎప్పుడెళ్ళాడో ఎవరికీ తెలీదు. కానీ నర్సమ్మ అంది కాబట్టి వెళ్ళే ఉంటాడని అందరూ తలలూపారు.

వసపిట్ట వేదిక ఎక్కింది. మూత మీద కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి వచ్చింది. నర్సమ్మ మైకు కిందకు వంచి పట్టుకుంది.

"అందరికీ వందనాలు. దేవుడు మా తమ్ముణ్ణి కాపాడాడు. వాడి చెయ్యే విరిగింది, తల పగల్లేదు." అంతవరకు నేర్పిన పాఠం. అక్కడ ఆగింది. నాయనమ్మ వైపు చూసింది. "నాయనమ్మా, చూసింది మొత్తం చెప్పాలా?"

"మొత్తం చెప్పు తల్లీ. సిగ్గుపడకు."

"ఇది చాడీ కాదు కదా?"

జనం నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. "చాడీ కాదే పిచ్చిమొద్దూ, సాక్ష్యం!"

"చాలు తల్లీ, ఇక ముగింపు ప్రార్థన చేసుకుందాం," అన్నాడు అయ్యగారు. గొంతు ఆయనది కానట్టుగా ఉంది.

"చెప్పనివ్వండి అయ్యగారూ! పిల్లల నోటి మాటకు అడ్డం పడకూడదు," అంది నర్సమ్మ. తన నోటితో తానే అంది.

వసపిట్ట గట్టిగా ఊపిరి తీసుకుంది.

"తమ్ముడు పడ్డ రోజు నేను పొద్దున్నే వచ్చాను. గొర్రె మాస్కు ముందు నాకే దొరకాలని. వెనక తలుపు తీసుంది. తెర వెనక దాక్కున్నాను. అప్పుడు మూత తీసేసి ఉంది. తొట్టిలో తాతయ్య నిలబడ్డాడు."

"ఏ తాతయ్య?" ఎవరో అడిగారు.

"మా వడ్రంగి తాతయ్య. టీచరమ్మ వాళ్ళాయన."

హాల్లో గుసగుస లేచింది. నర్సమ్మ చేతిలో మైకు కీచుమంది. టైలరమ్మ వెనక బెంచీ దాకా వెళ్ళలేదు, నడవాలోనే ఆగిపోయింది.

"తాతయ్య నడుం పట్టుకుని అన్నాడు, వెనక్కి వంగితే మళ్ళీ లేస్తానో లేదో, నీళ్ళు పోయకముందే ఒకసారి చూసుకుందాం అన్నాడు."

ఒకరిద్దరు నవ్వబోయారు. ఆ నవ్వు గొంతులోనే ఆగింది.

"ఎవరితో అన్నాడు?" నర్సమ్మ గొంతులో గంజి మొత్తం పోయింది.

వసపిట్ట చెయ్యెత్తి చూపించింది. పక్కనే నిలబడ్డ మనిషిని చూపించడానికి చెయ్యి అంత చాచాల్సిన అవసరం లేదు, అయినా చాచింది.

"అయ్యగారితో. అయ్యగారు కూడా తొట్టిలోనే ఉన్నారు. తాతయ్య ముక్కు మూసి ఇలా వెనక్కి వంచారు. తాతయ్య లేచాక ఏడ్చాడు. మా చెల్లెలికి మాత్రం తెలియనివ్వకండి, ఊరంతా దండోరా వేస్తుంది అన్నాడు. అప్పుడు గేటు దగ్గర పిల్లల చప్పుడైంది. ఇద్దరూ గబగబా పైకెక్కి తొట్టి మీదికి తివాచీ లాగేసి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయారు. మూత వెయ్యడం మరిచిపోయారు. తాతయ్య నన్ను చూశాడు. ఇలా అన్నాడు." పిల్ల పెదవుల మీద వేలు పెట్టి చూపించింది.

తర్వాత టైలరమ్మ వైపు తిరిగి, ఏడుపు గొంతుతో అంది. "టీచరమ్మా, నేనప్పుడే మీకు చెబుదామనుకున్నాను. కానీ చాడీలు చెబితే గోడవైపు తిరగాలి కదా."

ఎవరూ ఆమెన్ అనలేదు.

టైలరమ్మ నడవాలో నిలబడే ఉంది. మూత తీసింది ఎవరో తెలిస్తే గుండె తేలికపడుతుందని ఈ వారమంతా అనుకుంది. తెలిసింది. గుండె తేలిక కాలేదు, గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టయింది. ఇన్నేళ్ళుగా దేవుణ్ణి ఏమడిగిందో అదే జరిగింది. ఆయన తొట్టిలో దిగాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సంగతి తెర వెనక దాక్కున్న పిల్లకు తెలుసు, అయ్యగారికి తెలుసు, కట్టుకున్న పెళ్ళానికి మాత్రం తెలీదు. పైగా ఆ మనిషే తన ఎదురుగా కూర్చుని, తను వడ్డించిన అన్నం కలుపుకుంటూ, నాదే అని అనేసెయ్యరాదూ అన్నాడు. ఈ అయ్యగారు రోజూ వచ్చి ప్రార్థన చేశాడు. ఒకడు కంచంలోకి చూశాడు, ఒకడు కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగలే.

"అయ్యగారూ," అంది నర్సమ్మ. "నిజమేనా?"

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "మాట ఇచ్చానమ్మా," అన్నాడు. "ఎవరికీ చెప్పనని ఆయనకు మాటిచ్చాను."

"మాట!" నర్సమ్మ పళ్ళు కొరికింది. "మీ మాట నిలబెట్టుకోడానికి మా వదినను బలిపెట్టారా? నాచేత పెట్టించారా?"

వదిన. ఆ పిలుపు తొట్టిలోంచి దానంతటదే పైకొచ్చింది. వింటున్నవాళ్ళకు చల్లగా ఉన్నా, టైలరమ్మ చెవికి మాత్రం ఎక్కలేదు. "నువ్వు నోర్ముయ్ అమ్మాయ్," అంది వెనక్కి తిరగకుండానే. "కడుపు గురించి నువ్వన్న మాట అయ్యగారెవరూ నీకు చెప్పమనలేదు."

నర్సమ్మ మైకు దించేసింది.

గేటు దగ్గర సైకిలు కిందపడిన చప్పుడైంది. మైకులో ప్రతి ముక్కా బయటికి వినబడిందన్న సంగతి అందరికీ అప్పుడు గుర్తొచ్చింది. ఆవరణలో గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు రెండు పక్కలకూ జరిగారు.

గుమ్మంలో వడ్రంగి. చొక్కాకు రంపపు పొట్టు. మనిషి ఈ వారంలో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. భార్య వైపు చూడలేదు, చెల్లెలి వైపు చూడలేదు. తిన్నగా వేదిక మీదికే చూశాడు.

"అయ్యగారూ, మిగతాది మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"మిగతాదా?" అంది నర్సమ్మ. "ఇంకేం మిగిలింది అన్నయ్యా?"

అయ్యగారు బల్ల అంచు పట్టుకున్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. వడ్రంగి కాలెత్తాడు, లోపలికి రావడానికి. ఏ అడుగు కోసం టైలరమ్మ ఇన్నేళ్ళు మోకాళ్ళు అరిగేలా అడిగిందో ఆ అడుగు. ప్రార్థన కూటం ఆడవాళ్ళలో ఒకావిడ అలవాటుకొద్దీ ఆమెన్ అనబోయి నోరు నొక్కుకుంది.

టైలరమ్మ నడవాలోంచి గుమ్మం దాకా నడిచి, మొగుడికి ఎదురుగా నిలబడింది.

"ఎవరు చెప్పినా సరే, చెప్పండి, వింటాను," అంది. "ఆ కాలు మాత్రం లోపల పెట్టకు."

గడప మీద ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.